1968 ఫియట్ 1100: గ్లవ్‌బాక్స్ వెనక మీగడ రంగు, డికీ రబ్బరు కింద తెలుపు. ఏది ఒరిజినల్?

కర్నూలు ఫియట్:
తెల్ల బండి, ఇప్పటికి రెండుసార్లు రీపెయింట్ అయింది. గ్లవ్‌బాక్స్ వెనక రేకు మీద పాత రంగు దొరికింది. దాన్నే రంగు కొలిచే మెషీన్‌తో స్కాన్ చేయించి, అదే రంగు కలిపించి ఒక డోరుకు కొట్టిస్తే పసుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. డికీ రబ్బరు కింద మాత్రం దాదాపు తెలుపే. ఏది నమ్మాలి? పాత రంగు మీదే పీయూ (హార్డ్‌నర్ కలిపి కొట్టే పాలీయురేథేన్ రంగు) కొట్టించవచ్చా?

రంగులపని:
మెషీన్ తప్పేం లేదండీ. సింథటిక్ ఎనామెల్‌లో ఉండే నూనె వెలుతురు తగలని చోట పసుపెక్కుతుంది. నీలం, ఆకుపచ్చ, మెరూన్ అయితే దాగిన చోటే అసలు రంగు దొరుకుతుంది. తెలుపు, ఐవరీల్లో మాత్రం ఆ చోటే మోసం చేస్తుంది. పాత రంగున్న చిన్న ముక్క ఏదైనా విప్పి, సగం మీద అల్యూమినియం ఫాయిల్ చుట్టి, వారం పది రోజులు ఎండలో పెట్టండి. తెరిచి ఉంచిన సగం తెల్లబడితే దాన్నే స్కాన్ చేయించండి.

డికీ దగ్గరిది రీపెయింట్ కాదని కూడా తేల్చుకోవాలి. 2000 నంబరు వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే నున్నటి ఎమరీ పేపర్) రూపాయి బిళ్లంత చోట రేకు తేలేదాకా రుద్దితే పొరలు వలయాలుగా విడిపోతాయి. రేకును అంటుకుని ఉన్న ప్రైమర్, దాని పైన మొదటి వలయం కంపెనీ రంగు. పై వలయాలు చూసి మోసపోకండి.

బెజవాడ డెంటింగ్:
పీయూ సంగతి. దూదికి ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ అద్ది పాత రంగు మీద రుద్దండి. రంగు కరిగి దూదికి అంటితే అది డ్యూకో, అంటే నైట్రోసెల్యులోజ్ లాకర్ రంగు. పాల మీద మీగడలా ముడతలు లేస్తే గాలికి ఆరిన ఎనామెల్. ఈ రెండింటిలో ఏది ఉన్నా పైన పీయూ కొడితే లేచిపోతుంది. రేకుదాకా తీసేసి ఎపాక్సీ ప్రైమర్ వేయాల్సిందే. సాలిడ్ రంగు (మెటాలిక్ మెరుపు లేనిది) కాబట్టి పైన విడిగా క్లియర్ (రంగులేని మెరుపు పూత) వద్దు, వేస్తే ఆ కాలం బండిలా ఉండదు. పీయూ హార్డ్‌నర్‌కి గుడ్డ మాస్క్ చాలదు, బయటి నుంచి పైపుతో మంచి గాలి అందించే స్ప్రే మాస్కే పెట్టుకోవాలి.

శాంపిల్ 100 మి.లీ. కలిపించకండి. తెలుపులో నలుపు అర గ్రాము తేడా వచ్చినా కన్ను పట్టేస్తుంది, అర లీటరైతే తూకం తప్పు తగ్గుతుంది. డబ్బాలో చూసి ఒప్పుకోవద్దు. అదే ప్రైమర్ వేసిన రేకు ముక్క మీద, బండికి కొట్టే స్ప్రే గన్నుతో, అన్నే పూతలు కొట్టి, పూర్తిగా ఆరాక పోల్చండి.

కర్నూలు ఫియట్:
ఎండలో పెట్టిన ముక్క తెల్లబడింది. దాంతో కలిపించిన శాంపిల్ పగలు సరిపోతోంది, ట్యూబ్‌లైట్ కింద ఆకుపచ్చ ఛాయ వస్తోంది.

రంగులపని:
పసుపు టింటర్ (ఛాయ కోసం తెలుపులో కలిపే గాఢ రంగు) వేరే రకం పడింది. నిమ్మపసుపు తీసేసి ఆక్సైడ్ పసుపుతో మళ్లీ కలపమనండి, రెండు వెలుతురుల్లోనూ చూడండి. కుదిరాక బండికంతా ఒకేసారి కలిపించి, ఫార్ములా గ్రాములతో సహా రాయించుకోండి.