పెద్దాయన గీస్తాడు, ఆమె కూర్చుంటుంది. వీధికేం నొప్పి అంటారా?

తిరుచానూరు రోడ్డు:
మా వీధిలో రిటైరైన డ్రాయింగ్ మాస్టారున్నారు, 74 ఏళ్లు. గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలమ్మే ఆమె ఆదివారాలు వచ్చి కూర్చుంటుంది, ఆయన గీస్తాడు. పూటకి 400 ఇస్తాడు. దాని మీద వీధంతా గుసగుసలే. నన్నడిగితే భార్య పోయిన మనిషి ఒంటరితనానికి బొమ్మ ఒక సాకు. కాదనేవాళ్లు చెప్పండి.

కరక్కాయ పాలు:
మాది శ్రీకాళహస్తి, ఇంట్లో కలంకారీ పని. మాకు మోడలనేదే లేదన్నా. అమ్మవారి కన్నెంత, చెయ్యెంత అనేది తాతల నాటి కొలత. మనిషిని కూర్చోబెట్టి గీసేది బయట్నించి వచ్చిన పద్ధతి, ఈ తలనొప్పులూ దాంతోనే వచ్చినాయి.

రెండో కాఫీ:
మరి మీ పూజగదిలో రవివర్మ లక్ష్మి లేదా? ఆయన మనుషుల్ని కూర్చోబెట్టే గీసేవాడు. పటం మీద వాళ్ల పేర్లుండవు, అంతే.
ఫ్రాన్సులో మతీస్ అనే పేరున్న చిత్రకారుడి దగ్గర లిడియా డెలెక్టోర్‌స్కాయా అనే రష్యనామె 1932లో సహాయకురాలిగా చేరింది. ఆమెకి 22, ఆయనకి 62. 1935లో ఒక్క బొమ్మకే నెలల తరబడి కూర్చుంది. అది మారిన తీరుకి 22 ఫొటోలున్నాయి. 1939లో ఆయన భార్య విడిపోయింది. లిడియా మాత్రం 1954లో ఆయన పోయేదాకా స్టూడియో పనులన్నీ చూసుకుంది. జనం ఇప్పటికీ ఆరా తీసేది వాళ్లిద్దరి మధ్య ఏముందనే. ఆమె చేసిన చాకిరీ ఎవరికీ పట్టదు.

తిరుచానూరు రోడ్డు:
మతీస్ యాడ, మా మాస్టారు యాడ!

పేరెందుకులే:
తమ్ముడూ, చిత్తూరులో నేనొక పెద్దాయనకి మూడేళ్లు కూర్చున్నా. అరగంట కదలకుండా ఉండి చూడు, కాళ్లు తిమ్మిరెక్కి లేవలేవు. ఆయన చెయ్యి వణికేది, గీత కుదిరేది కాదు, మళ్లీ అదే కూర్చోవడం. వంకర చూపు ఒక్కనాడూ లేదు, డబ్బులు ఏ పూటకాపూటే ఇచ్చేసినాడు. నా కడుపుమంట వేరే. బొమ్మలు ప్రదర్శనకి పెడితే చూద్దామని పోయినా. కింద 'పల్లెపడుచు' అని రాసుంది. నాకప్పుడు 39, ఇద్దరు పిల్లలు, పుట్టి పెరిగింది చిత్తూరు టౌన్లోనే, గ్రీమ్స్‌పేటలో. పల్లె ఏంది, పడుచేంది! ఎంతకమ్మినాడో కూడా చెప్పలా.

కరక్కాయ పాలు:
అక్కా, మా చీరల మీద కూడా గీసినోళ్ల పేరుండదులే.

తిరుచానూరు రోడ్డు:
సరే, సాకు అన్న మాట వెనక్కి తీసుకుంటా. ఆదివారం మాస్టారి దగ్గరికి పోయి, బొమ్మల మీద ఆమె పేరు రాయమంటా.

పేరెందుకులే:
ముందు ఆమెనడుగబ్బా. మీ వీధి నోళ్లు ఎట్లాంటివో నువ్వే చెప్పినావు. రేపు గుడి ముందర బుట్ట పెట్టుకుని కూర్చోవాల్సింది ఆమె.