అమ్మ రాత్రి మాత్ర ఆగిపోయింది, ఇప్పుడు ఏమి ఇవ్వాలి?

పొదిలి వాసి: మా అమ్మగారు రాత్రిపూట వేసుకునే చిన్న మాత్ర అయిపోయింది. ఎప్పుడూ ఇచ్చే మందుల షాపువారే ఇప్పుడు చీటీ లేనిదే ఇవ్వబోమంటున్నారు. సాయంత్రం నుంచి ఊళ్లోని షాపులన్నీ తిరిగినా అదే సమాధానం. ఆమెకు కంటి మీద కునుకు లేదు, చేతులు వణుకుతున్నాయి. ఇంట్లో మా బాబాయిగారి నిద్రమాత్రలు ఉన్నాయి. అవి ఎన్ని ఇవ్వవచ్చో దయచేసి చెప్పండి.

దర్శి నర్సు: మాత్ర పేరేమిటి, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్నాళ్లుగా వాడుతున్నారు, చివరిసారి ఎప్పుడు వేశారు? బాబాయిగారివి ఇవ్వకండి.

కావలి ఫార్మసిస్టు: షాపువారిని తప్పు పట్టవద్దని మనవి. ఆల్ప్రజోలం, డయాజిపాం వంటి మాత్రలు షెడ్యూల్ హెచ్1లో (చీటీ లేనిదే అమ్మరాని మందుల జాబితాలో) ఉన్నాయి. 2014 మార్చి నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం రోగి పేరు, రాసిన వైద్యుని పేరు, ఇచ్చిన పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో నమోదు చేసి 3 సంవత్సరాలు భద్రపరచాలి. పాత చీటీతో ఏళ్ల తరబడి కొనే పద్ధతి పోవాలని నేను ఎప్పటి నుంచో చెబుతున్నాను.

ఒంగోలు మాస్టారు: నిద్రమాత్రకు అలవాటు పడటమే అసలు దోషం. ఎలాగూ ఆగింది కనుక ఇంతటితో మాన్పించండి.

పొదిలి వాసి: ఆల్ప్రజోలం 0.5. నాలుగైదేళ్లుగా వేసుకుంటున్నారు. మొన్న రాత్రి నుంచి లేదు. మోకాళ్ల నొప్పులకు ట్రమడాల్ కూడా వాడుతున్నారు, దానికీ దీనికీ సంబంధం లేదనుకుంటాను.

నెల్లూరు వైద్యుడు: చాలా సంబంధం ఉంది. ఆల్ప్రజోలం పరిమాణం శరీరంలో సుమారు 11 గంటలకు సగమవుతుంది, వృద్ధుల్లో మరికొంత ఆలస్యంగా. అందువల్ల ఏళ్ల తరబడి వాడినవారు ఒక్కసారిగా మానితే ఒకటి రెండు రోజుల్లోనే వణుకు, కంగారు మొదలై, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. ట్రమడాల్ ఫిట్స్ ప్రమాదాన్ని పెంచుతుంది. ఈ రెండూ కలిసినప్పుడు శ్వాస మందగించే ప్రమాదం కూడా ఉంది కనుక ఎవరికివారు మోతాదు పెంచినా కీడే. బాబాయిగారిది క్లోనజెపాం వంటి ఇదే తరగతి మందు అయినా, వైద్యుడు చెప్పనిదే దీనికి బదులుగా ఇవ్వకండి. రెండు మందుల అట్టలూ తీసుకుని ఈ రాత్రే ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రి (రిమ్స్) అత్యవసర విభాగానికి వెళ్లండి. ఫిట్స్ వచ్చినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి. మాన్పించడం తరువాతి సంగతి: వైద్యుని పర్యవేక్షణలో రెండు నుంచి నాలుగు వారాలకొకసారి మోతాదులో 5 నుంచి 10 శాతం తగ్గిస్తూ, అవసరమైతే నెలల తరబడి చేయవలసిన పని అది.

ఒంగోలు మాస్టారు: ఇంత ప్రమాదమైతే అసలు ఎందుకు రాస్తారు?

నెల్లూరు వైద్యుడు: తీవ్రమైన ఆందోళనకూ, ఆగని ఫిట్స్‌కూ, మద్యం మానేటప్పుడు వచ్చే వణుకుకూ ఈ తరగతి మందులు ప్రాణం నిలుపుతాయి, మాస్టారూ. నిద్రకైతే కొద్ది వారాలకు మించి వాడరాదు.

కావలి ఫార్మసిస్టు: కొత్త చీటీలో ఎన్ని రోజులకో రాయించడం మరువవద్దు. అది లేకపోతే మాకు ఇవ్వడం కష్టం.

పొదిలి వాసి: ఆటో మాట్లాడాము, బయలుదేరుతున్నాము. అందరికీ కృతజ్ఞతలు.