బుక్ క్లబ్‌కి వచ్చేవాళ్లు పుస్తకం ఆ షాపులోనే కొనాలా?

బెజవాడ పాఠకురాలు:
విజయవాడ ఏలూరు రోడ్డు దగ్గర ఒక చిన్న పుస్తకాల షాపులో నెలనెలా బుక్ క్లబ్ నడుపుతున్నాం. ర్యాకుల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చుంటాం. కిందటి నెల ఓనరు గారు మా కోసమని పదిహేను కాపీలు తెప్పిస్తే నాలుగే అమ్ముడయ్యాయి. మిగతావాళ్లు ఆన్‌లైన్లో తెప్పించుకున్నారు. ఇద్దరైతే ఫోన్లో ఎవరో పంపిన పీడీఎఫ్ చదివి వచ్చారు. చోటు ఆయనది, కరెంటు ఆయనది, టీ కూడా ఆయనే తెప్పిస్తారు. ఇక నుంచి అక్కడ పుస్తకం కొన్నవాళ్లే రావాలని రూల్ పెడదామనుకుంటున్నాను. మీరేమంటారు?

గ్రంథాలయ సభ్యుడు:
వద్దండీ. ఆ రూల్ పెడితే ముందు మానేసేది డబ్బుల్లేని పిల్లలు. పోటీ పరీక్షలకని ఊళ్లో గదులు తీసుకుని ఉండేవాళ్లు నెలనెలా మూడు నాలుగు వందలు పుస్తకానికి ఎక్కడ తెస్తారు? ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఆ డబ్బుతో కొన్న పుస్తకం చదివి వచ్చినవాణ్ణి గుమ్మంలో ఆపడం న్యాయమా?

పాత సేల్స్‌మన్, హైదరాబాద్:
నేను పుస్తకాల షాపులో పనిచేశాను కాబట్టి కౌంటర్ అవతలి సంగతి చెప్తాను. పుస్తకాలకి జీఎస్టీ లేదు కాబట్టి షాపువాళ్లకి హాయి అనుకుంటారు చాలామంది. కానీ షాపు అద్దె మీద బిల్డింగ్ ఓనరు 18 శాతం జీఎస్టీ వేస్తే అది పూర్తిగా చేతినుంచి పోయినట్టే. పక్కనున్న బట్టల షాపాయన దాన్ని తను కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు. అమ్మే సరుకు మీద పన్ను లేనందువల్ల పుస్తకాలాయనకి ఆ వీలు లేదు. పైగా చిన్న పబ్లిషర్లు డబ్బు ముందే అడుగుతారు. మిగిలినవి వెనక్కి తీసుకున్నా పార్సిల్ ఖర్చు షాపుదే. మీ పదకొండు కాపీలూ అంటే ఆయన డబ్బు ర్యాకులో ఇరుక్కుపోయినట్టే.

అయినా కొని తీరాలనే రూల్‌కి నేనూ ఒప్పుకోను. నెల ముందే పుస్తకం పేరు చెప్పి, కావాల్సినవాళ్ల పేర్లు రాయించుకోండి. ఎనిమిది మంది ఉంటే ఎనిమిదే తెప్పిస్తారు. కొనలేనివాళ్ల కోసం తలా ఇరవై వేసుకుని ఒక కాపీ కొంటే అది చేతులు మారుతూ ఉంటుంది. పీడీఎఫ్ ఒక్కటి మాత్రం గట్టిగా వద్దనండి. దానివల్ల రచయితకి గానీ పబ్లిషరుకి గానీ రూపాయి రాదు.

బెజవాడ పాఠకురాలు:
పేర్లు రాయించుకోవడం బాగుందండీ. రాయించుకుని ముఖం చాటేసేవాళ్లుంటారు కాబట్టి సగం అడ్వాన్సు కూడా తీసుకుంటాను. లైబ్రరీ పుస్తకంతో ఎవరొచ్చినా సంతోషమే. కానీ వంద రూపాయలు తగ్గుతాయని ఆన్‌లైన్లో కొని, ఆయన కుర్చీలో కూర్చుని, ఆయన టీ తాగడం మాత్రం నాకు మింగుడు పడట్లేదు.

గ్రంథాలయ సభ్యుడు:
ఆ వంద మీకూ నాకూ చిన్నదే. హాస్టల్లో ఉండే అమ్మాయికి రెండు పూటల భోజనం. టీ ఖర్చు మనం పెట్టుకుందాం, నా వాటా నేనిస్తాను. ఎక్కడ కొన్నావని మాత్రం ఎవరినీ అడగొద్దు.