రాష్ట్రమే ఫీజు కడుతున్నప్పుడు మన స్కాలర్‌షిప్ డబ్బు దేనికివ్వాలి? టెన్నెస్సీలో ఉన్నవాళ్ళు చెప్పండి

నాష్‌విల్ నాన్న:
మా ఊరి తెలుగు సంఘం వచ్చే ఏడాది నుంచి ఒక చిన్న స్కాలర్‌షిప్ మొదలుపెడదామనుకుంటోంది. ఇక్కడి హైస్కూళ్ళలో చదువు ముగించి కమ్యూనిటీ కాలేజీలో, అంటే రెండేళ్ళ ప్రభుత్వ కాలేజీలో, చేరే పిల్లలకి. తెలుగు పిల్లలకే అన్న షరతు లేదు, అందుకు నాకు చాలా సంతోషం. కానీ కమిటీలో ఎక్కువమంది "ట్యూషన్ ఫీజు కట్టేద్దాం, లెక్క తేలిక, చెప్పుకోడానికీ బావుంటుంది" అంటున్నారు. నేను ఒప్పుకోలేకపోతున్నాను. పుస్తకాలకీ, పెట్రోలుకీ, తిండికీ ఇద్దామంటాను.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్తాను. హైస్కూలు దాటిన పిల్లలకి రాష్ట్రమే కాలేజీ ఫీజు కట్టే పథకం టెన్నెస్సీ ప్రామిస్. అది ఆకాశంలోంచి ఊడిపడలేదు. 2008లో నాక్స్ కౌంటీలో "నాక్స్ అచీవ్స్" అనే స్థానిక పథకంగా పుట్టింది. అప్పుడు నాక్స్‌విల్ మేయరుగా ఉన్న బిల్ హాస్లమ్ గవర్నరయ్యాక 2014లో దాన్ని రాష్ట్రమంతటికీ చట్టం చేశాడు. 2015లో హైస్కూలు దాటినవాళ్ళది మొదటి బ్యాచ్. డబ్బు లాటరీ నిధి నుంచి వస్తుంది. కమ్యూనిటీ కాలేజీలోనైనా, వెల్డింగూ నర్సింగూ నేర్పే టీక్యాట్ అనే సాంకేతిక కాలేజీలోనైనా ఫీజు లేకుండా చదవొచ్చు.

మెలిక ఎక్కడంటే, దీన్ని "లాస్ట్ డాలర్" అంటారు. పెల్ గ్రాంటు (ఆదాయం తక్కువున్న ఇళ్ళ పిల్లలకి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చేది), హోప్ స్కాలర్‌షిప్పు (మార్కులు చూసి రాష్ట్రం ఇచ్చేది) లాంటివన్నీ ముందు ఫీజులోంచి తీసేసి, ఇంకా మిగిలితే అదే ప్రామిస్ కడుతుంది. ఇద్దరు పిల్లల్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఒకమ్మాయి తల్లి వేర్‌హౌస్‌లో రాత్రి షిఫ్టు చేస్తుంది. అమ్మాయికి పెల్ పూర్తిగా వస్తుంది, 2024-25లో అది 7,395 డాలర్లు. కాలేజీ ఫీజు ఏడాదికి సుమారు 5,000. అంటే పెల్‌తోనే ఫీజు తీరిపోయింది, ప్రామిస్ నుంచి ఆ అమ్మాయికి వచ్చేది సున్నా. రెండో అబ్బాయి తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగస్తులు, పెల్ రాదు. ప్రామిస్ అతనికి దాదాపు 5,000 కడుతుంది. పేదపిల్లకి సున్నా, ఉన్నవాడికి ఐదు వేలు. మన సంఘం కూడా ఫీజుకే ఇస్తే అదే వరసలో ఇంకో చెక్కు రాసినట్టు.

మెంటరమ్మ:
నాన్నగారూ, మీ లెక్క సరైనదే. అయినా ఆ "సున్నా" అన్న మాటతో నాకు పేచీ ఉంది.

నేను ప్రామిస్ పిల్లలకి వాలంటీర్ మెంటర్‌గా ఉంటున్నాను. నెలకో గంట పని. మొదటి మీటింగు స్కూల్ లైబ్రరీలో. కిందటి బ్యాచ్‌లో ఒకమ్మాయి నాతో అన్న మొదటి మాట, "మా ఇంట్లో కాలేజీకి ఎవరూ వెళ్ళలేదు, ఫ్రీ అన్నారని వచ్చాను." పెల్‌కీ ప్రామిస్‌కీ ఫాఫ్సా అనే ఫెడరల్ దరఖాస్తు తప్పనిసరి. అది నింపుదామంటే వాళ్ళమ్మ ససేమిరా అంది. ట్యాక్స్ కాగితాలు గవర్నమెంటుకిస్తే ఏమవుతుందోనని భయం. మూడోసారి కూర్చోబెట్టి ఒక్కో గడీ చూపిస్తే సంతకం పెట్టింది. తీరా చూస్తే పెల్ పూర్తిగా వచ్చింది. మీ లెక్కలో ఆ పిల్లకి ప్రామిస్ ఇచ్చింది సున్నా. కానీ ప్రామిస్ లేకపోతే ఫాఫ్సా లేదు, ఫాఫ్సా లేకపోతే పెల్ లేదు. ఫాఫ్సా నింపే పిల్లల శాతంలో టెన్నెస్సీ దేశంలోనే ముందు వరసలో ఉంటుందంటే కారణం ఇదే.

"నీకు ఫీజు లేదు" అని పదిహేడేళ్ళ పిల్లకి ఒక్క ముక్కలో చెప్పగలగాలి. "నీ అవసరాన్ని బట్టి ఏదో కొంత రావచ్చు" అంటే వినదు, వెళ్ళిపోతుంది.

నల్గొండ బిడ్డ:
మెంటరమ్మగారు చెప్పింది చేరేదాంక కరెక్టే. చేరినంక సంగతి నేను జెప్త.

మా దిక్కు ఫీజు రీయింబర్స్‌మెంట్ అందరికీ ఎరుకే. 2008ల ఉమ్మడి రాష్ట్రంల షురువైంది. అండ్ల ఆర్‌టీఎఫ్ అని కాలేజీకి పోయేది ఒకటి, ఎంటీఎఫ్ అని పిలగాని ఖాతాల పడేది ఒకటి. నా డిగ్రీల కాలేజీని నడిపిచ్చింది ఆర్‌టీఎఫ్, నన్ను నడిపిచ్చింది ఎంటీఎఫ్. రూము కిరాయి, బస్‌పాస్, మెస్ బిల్లు అన్నీ దాంట్లకెల్లే. అది లేటయిన నెల క్లాసుకు పోకుండ క్యాటరింగుకు పోయేటోళ్ళం. నాతోని చేరినోళ్ళల్ల సగంల ఆగిపోయినోళ్ళు ఫీజు కట్టలేక ఆగలే. ఫీజు సర్కారే కడుతుండె.

ఇంకోటి. కాలేజీకి పోయే పైసలు టైముకు రాకుంటే దెబ్బ తగిలేది పిలగానికే. మెమో కావాలని పోతే "గవర్నమెంటు నుంచి బకాయి ఉంది, నువ్వు కట్టి తీస్కపో" అన్నరు మా కాలేజోళ్ళు. అందుకే అంటున్న, పైసలు పిలగాని చేతిల పడాలె.

నాష్‌విల్ నాన్న:
అన్నా, సరిగ్గా ఇదే. ఆంధ్రలో కూడా 2020లో ఫీజు కట్టే విద్యా దీవెన పక్కన వసతి దీవెన పెట్టి ఐటీఐకి 10,000, పాలిటెక్నిక్‌కి 15,000, డిగ్రీకి 20,000 ఏడాదికి తిండికీ బసకీ అని విడిగా ఇచ్చారు. చెల్లింపుల తీరు మీద ఎన్ని విమర్శలున్నా, ఫీజు వేరు బతుకు వేరు అని మన రాష్ట్రాలు రెండూ ఎప్పుడో గుర్తించాయి. ఇక్కడ ప్రామిస్‌లో పుస్తకాలకి లేదు, రాకపోకలకి లేదు.

ఫ్రాంక్లిన్ బాబాయ్:
నేను ఈ నిధికి చందా ఇస్తానన్నవాణ్ణి, కాబట్టి కొంచెం గట్టిగానే మాట్లాడతాను. "ఉన్నవాడికి ఐదు వేలు" అని రాశావు చూడు నాయనా, అది నన్ను నొప్పించింది. మా అమ్మాయికి పెల్ ఒక్క డాలర్ రాదు. ఊళ్ళో మా నాన్నగారి డయాలసిస్‌కి నెలనెలా పంపేది ఫాఫ్సా అడగదు. ఇంటి లోను అడగదు. కాగితం మీద ఉన్నవాళ్ళం, నెలాఖరుకి చూస్తే లేనివాళ్ళం. ప్రామిస్ మాలాంటివాళ్ళని కూడా కలుపుకుంది కాబట్టే ఇన్నాళ్ళు నిలబడింది. పేదలకి మాత్రమే అని ఉంటే ఏదో ఒక బడ్జెట్లో కత్తిరించేసేవాళ్ళు.

పైగా నగదు ఇస్తే అది పుస్తకాలకే పోయిందని ఎవరు చూస్తారు? ఫీజు అయితే కాలేజీ రసీదిస్తుంది. నా ఓటు ఫీజుకే. అందులోనూ సగం మార్కులు చూసి ఇవ్వాలి.

లెక్కల మాస్టారు:
పెద్దాయన బాధ నిజం. అయితే ఊహల మీద కాకుండా ఇప్పటికే జరిగినవాటి మీద మాట్లాడుకుందాం.

మిషిగన్‌లో కాలమజూ అనే ఊరుంది. 2005 నవంబర్లో పేరు చెప్పని దాతలు కొందరు ఆ ఊరి ప్రభుత్వ బళ్ళలో చదివిన ప్రతి బిడ్డకీ కాలేజీ ఫీజు కడతామన్నారు. మొదటి నుంచీ అక్కడే చదివితే నూరు శాతం, తొమ్మిదో తరగతిలో చేరితే 65 శాతం. అది "ఫస్ట్ డాలర్". ముందు వీళ్ళు కట్టేస్తారు, పెల్ వస్తే పిల్లవాడి జేబులోనే ఉంటుంది. అప్‌జాన్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ వాళ్ళు చూస్తే, హైస్కూలు దాటిన ఆరేళ్ళలో డిగ్రీయో సర్టిఫికెట్టో తెచ్చుకున్నవాళ్ళు దాదాపు మూడోవంతు పెరిగారు.

అదే మిల్వాకీలో 2011లో తొమ్మిదో తరగతి పిల్లలకి 12,000 డాలర్లు ఇస్తామని, మార్కులూ హాజరూ షరతు పెట్టారు. కాలేజీలో చేరేవాళ్ళ సంఖ్య పెద్దగా కదల్లేదు. ఎవరికి వస్తుందో చివరిదాకా తెలియని డబ్బుని నమ్ముకుని ఏ పిల్లా ప్లాన్ వేసుకోదు. బాబాయ్‌గారూ, మార్కుల షరతు గురించి అందుకే నా అభ్యంతరం.

ఇక న్యూయార్క్ కమ్యూనిటీ కాలేజీల్లో 2007లో మొదలైన "ఏసాప్" పథకం. ఫీజులో మిగిలింది కట్టారు, పుస్తకాలిచ్చారు, బస్సూ రైలూ ఎక్కడానికి మెట్రోకార్డ్ ఇచ్చారు, కొద్దిమంది పిల్లలకే ఒక సలహాదారుని పెట్టారు. లాటరీ తీసి పోల్చి చూస్తే మూడేళ్ళలో డిగ్రీ పూర్తిచేసినవాళ్ళు ఏసాప్‌లో 40 శాతం, మిగతావాళ్ళలో 22. మెట్రోకార్డ్ సలహాదారుని కలిసినవాళ్ళకే ఇచ్చేవారు, ఆ ముడి చాలా ముఖ్యం.

నాన్నగారు తొందరపడకుండా ఇంకోటి కూడా చూడాలి. డెట్రాయిట్‌లో ఫీజు పథకానికి తోడు ఒక కోచ్‌నీ, నెలకి 50 డాలర్ల కార్డునీ ఇచ్చారు. చదువు కొనసాగించినవాళ్ళు పెరిగారు, క్రెడిట్లు పెరిగాయి. కానీ మూడేళ్ళు గడిచాక డిగ్రీల సంఖ్యలో తేడా కనిపించలేదు. పెట్రోలు డబ్బులిస్తే అన్నీ సర్దుకుంటాయని కమిటీకి చెప్పకండి.

నాష్‌విల్ నాన్న:
మాస్టారూ, డెట్రాయిట్ సంగతి కమిటీ ముందు తప్పకుండా పెడతాను. మన దగ్గరున్నది చిన్న నిధి, ఒక్కో పిల్లకి నాలుగైదు వందల డాలర్లు రావచ్చు. అంత చిన్న మొత్తం ఎప్పుడు ఇస్తే ఎక్కువ పనికొస్తుందన్నదే నా ఆలోచన. బాబాయ్, మీ ఇంటి సంగతి వింటే నాకూ కష్టంగా ఉంది. మీ అమ్మాయికి రాష్ట్రం కట్టే ఫీజు ఆపమని ఎవరూ అనడం లేదు, నేనసలే అనను. నా మాటల్లా మన నిధి గురించే.

ఇప్పుడు కాలేజీలో మొదటి వారం ఎలా గడుస్తుందో చూడండి. అకౌంటింగ్, మ్యాథ్స్ లాంటి క్లాసుల్లో హోంవర్కు ఆన్‌లైన్లో. దానికి పబ్లిషర్ అమ్మే యాక్సెస్ కోడ్ కావాలి, ఒక్కోటి వంద డాలర్ల దాకా ఉంటుంది. కోడ్ కొనకపోతే హోంవర్కు తెరుచుకోదు. పాత పుస్తకం ఎవరిదైనా అడిగి తెచ్చుకున్నా లాభం లేదు, కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది. పెల్‌లో ఫీజు పోగా మిగిలింది చేతికి రావడానికి క్లాసులు మొదలయ్యాక వారాలు పడుతుంది. ఈలోగా రెండు అసైన్‌మెంట్లు సున్నా. ప్రామిస్ నిలబడాలంటే జీపీఏ (నాలుగుకి లెక్కేసే మార్కుల సగటు) 2.0 ఉండాలి, ప్రతి సెమిస్టరూ 12 క్రెడిట్లు, అంటే సుమారు నాలుగు క్లాసులు, తీసుకోవాలి. ఖర్చులకి రాక షిఫ్టులు పెంచుకుని ఒక క్లాసు వదిలేస్తే పన్నెండు కాస్తా తొమ్మిదవుతుంది, ప్రామిస్ పోతుంది. వంద డాలర్ల కోడ్ దగ్గర మొదలైంది ఫీజు దాకా వస్తుంది.

క్లాసులు మొదలవడానికి వారం ముందు ఆ పిల్ల చేతిలో మన డబ్బుండాలి. నేను కోరేది అంతే.

ఒక హెచ్4 తల్లి:
అందరికీ నమస్కారం. ఎప్పుడూ చదవడమే గానీ రాయను. మా పాప రెండో తరగతిలో ఇక్కడికి వచ్చింది. స్కూలంతా టెన్నెస్సీలోనే. మావారిది హెచ్1బీ ఉద్యోగ వీసా, పాపది దాని మీద ఆధారపడ్డ హెచ్4, గ్రీన్‌కార్డ్ వరస మీకు తెలిసిందే. హెచ్4 మీద ఉన్న పిల్లకి ఫాఫ్సా లేదు, కాబట్టి పెల్ లేదు, ప్రామిస్ లేదు. క్లాసులో అందరూ ప్రామిస్ ఫారాలు నింపుతుంటే మా పాప కౌన్సెలర్ గది బయట కూర్చుంది. ఇరవై ఒకటి వచ్చేలోగా గ్రీన్‌కార్డ్ రాకపోతే ఈ హెచ్4 కూడా ఉండదు.

మీరు ఫీజుకిస్తారా పుస్తకాలకిస్తారా అన్నది మీ ఇష్టం అన్నయ్యగారూ. దరఖాస్తులో "ఫాఫ్సా తప్పనిసరి" అని మాత్రం పెట్టకండి. ఆ ఒక్క గడీ దగ్గర మా పిల్లలు ఆగిపోతారు.

మెంటరమ్మ:
అమ్మా, మీరు రాసి మంచిపని చేశారు. ఫాఫ్సా తప్పనిసరి చేయాలని కమిటీకి సూచించింది నేనే, పిల్లల్ని పెల్ దాకా నెట్టడానికి. పూర్తిగా తీసేయడం నాకిప్పటికీ ఇష్టం లేదు. ఫాఫ్సా నింపినట్టు రుజువైనా, అర్హత లేదని స్కూల్ కౌన్సెలర్ ఉత్తరమైనా, రెండింటిలో ఏదో ఒకటి అని మారుద్దాం. చదివేవాళ్ళలో ఎవరికైనా సందేహముంటే ఒక మాట: ఇక్కడ పుట్టిన పిల్లలు తల్లిదండ్రుల వీసా ఏదైనా ఫాఫ్సా నింపొచ్చు. చాలామంది మనవాళ్ళు ఇది తెలియక వదిలేస్తున్నారు.

నల్గొండ బిడ్డ:
అమ్మా, మీ పాప అసొంటోళ్ళకు మాత్రం ఫీజుకే ఇయ్యాలె. వాళ్ళకు ఫీజే అసలు బరువు. నాన్న అన్నా, మీ రూల్ల గీ మినహాయింపు పెట్టుండ్రి.

నాష్‌విల్ నాన్న:
పెడతాను అన్నా, అది న్యాయం. ప్రామిస్ వచ్చే పిల్లలకి పుస్తకాలూ రాకపోకలూ, రానివాళ్ళకి ఫీజు. బాబాయ్, రసీదు సంగతికి ఒక దారి ఉంది. సగం కాలేజీ బుక్‌స్టోర్ ఖాతాలో వేద్దాం, సగం పెట్రోలు కార్డుగా ఇద్దాం. నెలకోసారి మన వాలంటీర్ని కలిసినవాళ్ళకే కార్డు. న్యూయార్క్ వాళ్ళు చేసిందే.

ఫ్రాంక్లిన్ బాబాయ్:
బుక్‌స్టోర్ ఖాతాకి నాకు అభ్యంతరం లేదు. పెట్రోలు కార్డు విషయం మీటింగులో తేల్చుకుందాం, నేనింకా ఒప్పుకోలేదు. మార్కుల మాట కూడా వదల్లేదు. కష్టపడి చదివిన పిల్లకి ఒక గుర్తింపు ఉండాలి, దానికోసం విడిగా నా చందాలోంచే ఒకటి పెట్టమంటాను. మాస్టారూ, ఆ కాలమజూ, మిల్వాకీ వివరాలు ఒక పేజీలో రాసి ఆదివారం పట్టుకురండి. అందరికీ చదివి వినిపిద్దాం.

మెంటరమ్మ:
ఆదివారం దాకా ఆగని పని ఒకటుంది. ప్రామిస్ దరఖాస్తుకి గడువు నవంబర్ 1. పన్నెండో తరగతి పిల్లలున్న ఇళ్ళు మీ చుట్టుపక్కల ఎన్నున్నాయో చూసి ఈ వారమే చెప్పండి. నాలుగేళ్ళ యూనివర్సిటీకే వెళ్తామన్నవాళ్ళ చేత కూడా పెట్టించండి, తర్వాత మనసు మారితే అప్పుడు పెట్టడానికి ఉండదు. ఫారం దగ్గర ఆగిపోతే నాకు మెసేజ్ పెట్టండి, సాయంత్రాలు ఖాళీగానే ఉంటాను.