‘రెండు + రెండు = నాలుగు’: ఇందులో అక్షరాలు ఎన్ని?

ప్రశ్న: ఒక్కో అక్షరానికి ఒక్కో వేరు అంకె పెట్టి కూడికను సరిచేసే పజిళ్లు ఇంగ్లిషులో చాలానే ఉన్నాయి. ఇంగ్లండు పజిళ్ల రచయిత హెన్రీ డ్యూడెనీ 1924లో స్ట్రాండ్ పత్రికలో ఇచ్చిన ‘సెండ్ + మోర్ = మనీ’ లెక్కకు 9567 + 1085 = 10652 అన్న ఒక్క జవాబే ఉంది. తెలుగులో ‘రెండు + రెండు = నాలుగు’ అని వేస్తే లెక్క నిలుస్తుందా? పెద్దలు తేల్చగలరు.

సమాధానం: నిలుస్తుంది గానీ, దేన్ని అక్షరమని లెక్కపెడుతున్నామో ముందు తేల్చుకోవాలి. రాతలో కనిపించే రెం, డు, నా, లు, గు అన్నవాటినే తీసుకుంటే ఐదూ వేరువేరు. ‘నా’ 1 అని తప్ప పట్టుకోవడానికి కొస దొరకదు. 52కు 104, 53కు 106, 54కు 108 అంటూ జవాబులు వస్తూనే ఉంటాయి.

వర్ణాలుగా విడదీసి ర్-ఎ-ం-డ్-ఉ, న్-ఆ-ల్-ఉ-గ్-ఉ అని రాసుకుంటే లెక్క బిగుస్తుంది. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి గనుక ఒకట్ల స్థానంలో అచ్చే కూర్చుంటుంది; ఇక్కడ ఉ + ఉ = ఉ కాబట్టి ఉ విలువ 0. ఎడమ చివర కొత్తగా పుట్టిన న్ 1. వందల స్థానంలో ‘ం’ను రెట్టిస్తే ఉ, అంటే 0 రావాలి, పదుల నుంచి చేతిలో ఒకటి వస్తే మొత్తం బేసి అవుతుంది గనుక అది రాకూడదు, ‘ం’ 5 కాక తప్పదు. మనం సున్న అని పిలిచే గుర్తుకు ఐదు దక్కి, సున్నా పోయి ఉకారానికి చేరడం తమాషాగానే ఉంది.

ఇక డ్ 2, 3, 4లలో ఒకటి, గ్ దానికి రెట్టింపు. వేల స్థానంలో ఎ-ని రెట్టించి చేతిలోని ఒకటి కలిపితే ల్ వస్తుంది కాబట్టి ల్ బేసి. 1, 5 అప్పటికే ఖర్చయ్యాయి, మిగిలినవి 3, 7, 9. ల్ 9 అయితే ఎ 4 అవుతుంది, అక్కడ డ్, గ్‌లకు 3, 6 ఒక్కటే కుదురుతుంది గానీ ర్, ఆ-లకు తగిన జత దొరకదు. తక్కిన రెండింటితో ‘రెండు’కు 63540, 68520, 83520, 86520, 93520 అనే ఐదు విలువలు తేలుతాయి. ఒక్క జవాబే కావాలంటే 9 అంకెను వాడి తీరాలన్న షరతు పెట్టండి; అప్పుడు 93520 + 93520 = 187040 మాత్రమే చెల్లుతుంది.

ఇంకొకరు: సార్, మా వరంగల్ దిక్కున నోటితో ‘నాల్గు’ అనే అంటాం కదా, అట్లనే రాస్తే?

సమాధానం: నడుమ ఉన్న ఉ పోతుంది గనుక న్ 1, ‘ం’ 5 అన్న పట్లు రెండూ జారిపోతాయి. ర్ 4కు మించరాదన్నది మాత్రం కొత్తగా తెలుస్తుంది. 19270కి 38540, 29170కి 58340 రెండూ సరిపోతాయి. పజిల్‌గా ‘నాలుగు’దే పైచేయి. ‘మూడు + మూడు = ఆరు’ జోలికి మాత్రం పోకండి; పైన నాలుగేసి వర్ణాలుండగా కింద ఆ, ర్, ఉ మూడే ఉన్నాయి.