సమస్య: «రాకెట్టుల రోరులోన రాగము పుట్టెన్» – తోడుగా ఒక దత్తపది

నిర్వహణ:
ఈసారి రెండూ ఇంగ్లీషు గోల మాటల మీదే. కందపాదం సమస్య పైన ఉంది, అదే చివరి పాదంగా పద్యం కట్టాలి; రోరు అంటే గర్జన. దత్తపది (ఇచ్చిన మాటల్ని పద్యంలో ఇమడ్చడం): డిన్ – హమ్ – రోర్ – రాకెట్. గోల అర్థం రాకుండా, రుక్మిణీ సందేశం ఇతివృత్తంగా, నచ్చిన ఛందంలో రాయండి.

సమస్యలో రాకెట్టు అంటే గోల కావచ్చు, ఆటబ్యాటు కావచ్చు, నింగికెగిరేది కావచ్చు. ఇంగ్లీషులో చివరిదాని వర్ణక్రమం వేరు, మన లిపిలో మూడూ ఒకటే. ప్రాస ‘క’. పాదం గురువుతో మొదలైంది కనుక మిగతా మూడూ గురువుతోనే మొదలవ్వాలి. ‘అక్క’, ‘అంక’ గురువులే అయినా ద్విత్వం, బిందువు అడ్డం కనుక ఈ ప్రాసకు కుదరవు. రెండో పాదం మూడో గణం జగణమో (లఘువు, గురువు, లఘువు) నలమో (నాలుగు లఘువులు) అయి తీరాలి.

పూరణ 1:
ఆకాశవీథి నాదము
లేకుండును గాలి లేక, లీలగ భువిపైఁ
దాకిన మంటల ధాటికి
రాకెట్టుల రోరులోన రాగము పుట్టెన్

సమీక్ష: గణాలు, యతులు శుద్ధం. గాలి లేనిచోట ధ్వని లేదన్న మాటా సరైనదే. కానీ ‘లీలగ’ యతి కోసం వచ్చిందని తెలిసిపోతోంది. అసలు చిక్కు వేరే ఉందండీ. రోరులో అన్ని పౌనఃపున్యాలూ కలగాపులగం, రాగానికి స్థిరమైన స్వరం కావాలి. మంటల ధాటి పెరిగితే రోరే పెరుగుతుంది గాని రాగం ఎలా పుడుతుంది? సమస్యలోని విరోధం విడలేదు, పాదం అతికిందంతే.

పూరణ 2:
ఏకాంతమె రాగమునకు
సాకెడి తల్లి యగునంచు సాహితి దెలుపన్
ఏ కవి వ్రాసెనొ యిట్టుల
«రాకెట్టుల రోరులోన రాగము పుట్టెన్»

సమీక్ష: ‘దెలుపన్’ ద్రుతాంతం (చివర ‘న్’ ఉంది), తర్వాత అచ్చు వచ్చింది కనుక ‘నే కవి’ అనాలి. ఎవరో అన్నారని సమస్యను వాళ్ల నోట్లో పెట్టడం పాత దారే. అవధానంలో క్షణం చిక్కనప్పుడు సరే, తీరిగ్గా రాసేచోట దీన్ని తప్పించుకోవడమే అంటాను.

పూరణ 2 కవి: ‘ఏ కవి’ దగ్గర పాదం మారింది కదండీ, అక్కడ విరామం ఉంది. విసంధి (సంధి చేయకపోవడం) ఎందుకు దోషం?

సమీక్ష: పాదాంతం వాక్యాంతం కాదు. ‘తెలుపన్’ అసమాపక క్రియ, వాక్యం కిందికి సాగుతోంది. అక్కడ విరామం చెల్లదు.

పూరణ 3 (మొదటి సమీక్ష చదివాక):
ఏకస్వరమ్ము పలికినఁ
జీకాకని యంత్రవిదులు చింతింపంగన్
గాకలు తీరిన మంటల
రాకెట్టుల రోరులోన రాగము పుట్టెన్

సమీక్ష: ఇదీ పూరణ! దహన గది సహజ పౌనఃపున్యానికి మంట తోడైతే రోరులోంచి ఒకే స్వరం లేస్తుంది, ఒత్తిడి ఊగి ఇంజన్ పగిలిపోవచ్చు. శాటర్న్–5 రాకెట్టును మోసిన ఎఫ్–1 ఇంజన్లకు 1960లలో ఇదే తలనొప్పి. ఇంధనం చిమ్మే ఫలకం మీద అడ్డుగోడలు నిలబెట్టి అణచారు. శుభంగా వినిపించే ‘రాగము పుట్టెన్’ ఇక్కడ అపశకునమైంది, విరోధం దానంతట అదే విడిపోయింది. ‘కాకలు’లోని వేడి చమత్కారం అదనం. ‘ఏకస్వర’లో ‘క’ గురువా అని అడగకముందే చెబుతున్నాను: సమాసంలో ‘స్వ’ ముందుంది, గురువే.

ఇక దత్తపది. నాలుగు మాటల్లో కష్టమైనది ‘రాకెట్’ కాదు, ‘డిన్’. ‘రాకెట్లు’ (రాక + ఎట్లు) తగణం, ఏ ఇంద్రగణం చోటైనా హాయిగా కూర్చుంటుంది. ‘డిన్’ను దాచే ‘గుడిన్’ (గుడిలో) లఘువు, గురువు. ఇంద్ర, సూర్య గణాల్లో ఏదీ అలా మొదలవదు. ముందు రెండు లఘువులు గాని ఒక గురువు గాని పెట్టి మోయాలి. కందంలోనైతే ఆరో గణం జగణం దానికి సొంత ఇల్లు.

పూరణ 4 (తేటగీతి):
నా వివాహమ్ము శిశుపాలునకును జేయ
నన్న రుక్మి తలంచెనో నాథ వినుము
నీవు రాకెట్లు నిలుతు నే నిమిషమేని
యెవ్వరోర్తురు నుమ గుడిన్ హేలఁ గొనుము

సమీక్ష: మూడో పాదం ముత్యం. ‘ఓర్తురు’కు ద్రుతం లేదు, కనుక ‘నుమ’ రాదు. ఉకార సంధి చేస్తే ‘ఓర్తురుమ’ అయి గణం చెడుతుంది. ‘సతి గుడిన్’ అంటే రెండూ తీరతాయి. ‘తలంచెనో నాథ’ సంబోధన అనుకున్నారు గాని, తలంచాడో లేదో అన్న సందేహంగానూ వినిపిస్తోంది. ‘కొనుము’కు ‘నన్ను’ ఎక్కడ?

ప్రశ్న: గురువుగారూ, ‘వాడినట్టి పూవు వలె నుంటి నో కృష్ణ’ అంటే డిన్ వచ్చినట్టు కాదా? హమ్‌కు ‘హంస’ చెల్లుతుందా?

సమీక్ష: ‘వాడిన’లో నకారానికి అచ్చు ఉంది, పొల్లు లేదు, చెల్లదు. ‘హంస’ చెవికి హమ్సే, ఒప్పుకోవచ్చు; ‘హంకారం’లో సున్న ‘ఙ’గా పలుకుతుంది, ఒప్పుకోను.

ప్రశ్న: అప్రోర్ (గగ్గోలు) కూడా ఇవ్వాల్సింది, అందులోనూ రోర్ ఉందిగా?

సమీక్ష: ఆ రోర్‌కు గర్జనతో చుట్టరికం లేదండీ, తిరుగుబాటు అనే డచ్చి మాట నుంచి వచ్చింది. పైగా దాన్ని దాచే తెలుగు మాట చూపించండి, వచ్చేసారి ఇస్తాను.

పూరణ 5 (కందం):
నీకై దేహమ్మిచ్చితి
రాకెట్లుందును మురారి! రయమున రావే
శోకమ్మెవరోర్తురు హరి!
గైకొను మంబిక గుడిన్ వికాసము తోడన్

సమీక్ష: ‘గుడిన్ వి’ జగణం, సరిగ్గా ఇంట్లో కూర్చుంది. మురారి ఉండగా హరి ఎందుకు? ‘వికాసము తోడన్’ పూరకమే. కథ సంగతి: కృష్ణుడు రుక్మిణిని గుడిలో కాదు, పూజ చేసి బయటికొస్తుండగా తీసుకెళ్లాడు, ‘గుడిన్’ సప్తమి ఆమె పూజకే తగులుతుంది. నాలుగో పాదం ఇలా మారిస్తే?
నే కొలిచితి నుమ గుడిన్ వినీతను నేలన్

పూరణ 5 కవి: ‘కొలిచితి’ భూతకాలం. సందేశం పంపేనాటికి ఆ పూజ ఇంకా జరగలేదు కదండీ.

సమీక్ష: నిజమే. కాలం మార్చి, జగణం చెడకుండా మీరే ఇంకో పాదం కట్టండి.