ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టు నిర్వహణ నుంచి తప్పుకోవాలంటే: అప్పగించాలా, మూసేయాలా?

ప్రశ్న

పాత డీటీపీ ఫాంట్లలో కూర్చిన తెలుగు పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చే చిన్న జావాస్క్రిప్ట్ లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్) ఒకదాన్ని 9 ఏళ్లుగా నేనొక్కడినే చూసుకుంటున్నాను. “అను” అనే ఫాంట్లలో ఉన్న పాత సంచికలను వెబ్‌లో పెట్టాలనుకునే పత్రికలవారి కోసం మొదలుపెట్టిన పని అది. ఇప్పుడు ఉద్యోగం మారింది, ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యం చూసుకోవలసి వస్తోంది, పైగా ఆ లైబ్రరీని నేను స్వయంగా వాడి నాలుగేళ్లు దాటింది. జవాబివ్వని ఇష్యూలు (వాడేవారు రాసిన ఫిర్యాదులు, వినతులు) 40 వరకు పేరుకున్నాయి. మొన్న వచ్చినది చూడండి: కొన్ని పాత ఫాంట్లలో ర వత్తు హల్లుకు ముందే వస్తుంది కాబట్టి, మార్చేటప్పుడు దాన్ని తరువాతి హల్లుకు చేర్చాలి, అయితే “ప్రార్థన” వంటి మాట పంక్తి మొదట్లో వస్తే నా కోడ్ ఆ వత్తును పై పంక్తి చివరి అక్షరానికి తగిలిస్తోంది. తప్పు ఎక్కడుందో నాకు తెలుసు, ఒక సాయంత్రం కూర్చుంటే సరిపోతుంది, కానీ ఆ ఒక్క సాయంత్రమే రెండు నెలలుగా దొరకలేదు.

ఇదిలా ఉండగా, ఇదివరకు రెండు చిన్న సవరణలు పంపిన ఒక అపరిచితుడు ప్రాజెక్టును తనకు అప్పగించమని, జావాస్క్రిప్ట్ ప్యాకేజీలను అందరికీ అందించే ఎన్‌పీఎమ్‌లో ప్రచురించే హక్కు కూడా ఇవ్వమని మెయిల్ రాశారు. సంతోషంగా ఇచ్చేయాలా, లేక దుకాణం కట్టేయడమే మేలా? అసలు కోడ్ ఉంచిన రిపోజిటరీనే తొలగిస్తే ఈ తలనొప్పి ఉండదు గదా అని కూడా ఒక్కోసారి అనిపిస్తోంది.

జవాబు 1

తొలగించడం మాత్రం వద్దండి. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 పంక్తుల ప్యాకేజీని దాని రచయిత ఎన్‌పీఎమ్ నుంచి తీసేస్తే, దాని మీద పరోక్షంగా ఆధారపడిన బాబెల్ వంటి పేరున్న సాధనాలు సైతం ఇన్‌స్టాల్ కాకుండా నిలిచిపోయాయి. ఆ తరువాతే ఎన్‌పీఎమ్ నియమాలు బిగించింది. ప్రచురించి 72 గంటలు దాటిన ప్యాకేజీ మీద వేరే ప్యాకేజీలు ఆధారపడి ఉంటే, ఇప్పుడు రచయిత తనంతట తాను దాన్ని తీసేయలేరు.

అప్పగింత విషయంలో నా భయం ఇంకా ఎక్కువ. మీ పరిస్థితిలోనే ఉన్న ఈవెంట్‌స్ట్రీమ్ అనే ఎన్‌పీఎమ్ ప్యాకేజీ రచయిత, తాను ఎప్పుడో వాడడం మానేసిన దాన్ని అడిగిన అపరిచితుడికి 2018లో ఇచ్చేశారు. కొత్త యజమాని దానిలోకి మరో ప్యాకేజీని చేర్చి, దాని ద్వారా కోపే అనే బిట్‌కాయిన్ వాలెట్ వాడేవారి తాళాలు దొంగిలించే కోడ్ పంపారు. లినక్స్‌లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ విషయంలో ఈ నాటకం రెండేళ్లకు పైగా సాగింది: జియా టాన్ అనే పేరుతో వచ్చినవారు మంచి సవరణలే పంపుతూ, అలసిపోయిన నిర్వాహకుడి నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి చొప్పించారు. 2024 మార్చిలో దూరపు కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూడబట్టి అది బయటపడింది. మీకు మెయిల్ రాసినవారు దొంగ అని నేననడం లేదు. ఆయన మంచివారే అయినా, మీ పేరు మీద ఉన్న నమ్మకాన్ని ఆయనకు బదిలీ చేసే అధికారం వాడుకరులు మీకు ఇవ్వలేదని మాత్రమే అంటున్నాను. లైసెన్స్ అనుమతిస్తోంది కాబట్టి ఆయనను ఫోర్క్ చేసుకుని, అంటే కోడ్‌కు సొంత నకలు తీసుకుని, కొత్త పేరుతో నడుపుకోమనండి. రావాలనుకున్నవారు తెలిసే అటు వెళతారు.

జవాబు 2

పై జవాబుతో ఏకీభవిస్తూ, పని చేయవలసిన వరుస గురించి చెబుతాను. కోడ్ ఉంచే గిట్‌హబ్‌లో ఆర్కైవ్ చేసిన తరువాత రిపోజిటరీ చదవడానికి మాత్రమే మిగులుతుంది, ఇష్యూలలో ఒక్క మాట కూడా చేర్చలేరు. కనుక రీడ్‌మీ (పరిచయ ఫైలు) మొదటి పంక్తిలోనే ఏ తేదీ నుంచి నిర్వహణ ఉండదో రాయడం, ఇష్యూలన్నింటికీ ఒక వీడ్కోలు వ్యాఖ్య పెట్టి మూయడం ముందే పూర్తి చేయండి. ఎన్‌పీఎమ్‌లో డెప్రికేట్ ఆదేశం ఇస్తే ఇన్‌స్టాల్ చేసేవారికి హెచ్చరిక కనబడుతుంది గాని ఎవరి పనీ ఆగదు.

అందరూ మరచిపోయేది ఇంకొకటి ఉంది. మీ ఎన్‌పీఎమ్ ఖాతా సొంత డొమైన్ మెయిల్‌తో ఉంటే, ప్రాజెక్టు అయిపోయిందని ఆ డొమైన్‌ను వదిలేయకండి. 2022లో పైథాన్ ప్యాకేజీలుండే పైపీఐలో సీటీఎక్స్ అనే ప్యాకేజీకి అదే జరిగింది: రచయిత డొమైన్ గడువు ముగియగానే మరొకరు దాన్ని కొని, ఆ మెయిల్ ద్వారా పాస్‌వర్డ్ మార్చుకుని, ఏళ్ల తరబడి కదలని ప్యాకేజీలోకి దొంగ కోడ్ ఎక్కించారు. పాస్‌వర్డ్‌కు బదులు వాడే పాత టోకెన్లు కూడా రద్దు చేయండి.

జవాబు 3

నాకు కొంత భిన్నాభిప్రాయం ఉంది. పత్రికా కార్యాలయంలో పాత సంచికల పని చేసేవాడిగా చెబుతున్నాను, మూసేస్తున్నామన్న బోర్డు చూడగానే మా పైవాళ్లు అది చచ్చిపోయిందనుకుని మొత్తం పనినే ఆపేస్తారు. తేదీల లైబ్రరీ మొమెంట్ జేఎస్ వారు 2020లో తమది పూర్తయిన ప్రాజెక్టని, కొత్త సౌకర్యాలు చేర్చబోమని చెప్పి, ప్రత్యామ్నాయాల పేర్లు కూడా వారే ఇచ్చారు. నేటికీ దాన్ని వాడేవారు కోకొల్లలు. పాత ఫాంట్లు ఇక మారవు కదా, అలాంటప్పుడు మీ లైబ్రరీని కూడా పూర్తయినదని అనడానికి అభ్యంతరమేమిటి?

నిజం చెప్పాలంటే మాకు కావలసింది కోడ్ కూడా కాదండి. ఫాంటులోని ఏ సంకేతం ఏ అక్షరమో, ఏ గుణింతం ముక్కో చెప్పే మీ పట్టిక ఉంది చూడండి, దాన్ని ఒక్కొక్కటిగా పోల్చి తయారుచేయడానికి మళ్లీ ఎవరూ కూర్చోరు. ఇప్పుడది కోడ్ మధ్యలో ఇరుక్కుని ఉంది. దాన్ని విడి ఫైలుగా తీసి, ప్రతి ఫాంటుకూ నాలుగైదు నమూనా పేరాలు జతచేసి వెళ్లండి. రేపు ఎవరు ఏ భాషలో తిరగరాసినా పనికొస్తుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. మెయిల్ రాసిన ఆయనకు ఫోర్క్ చేసుకోమని మర్యాదగానే జవాబిచ్చాను, ఆయన కూడా సరేనన్నారు. ఆదివారం తీరిక చేసుకుని ర వత్తు తప్పు సరిచేశాను. పట్టికను విడదీసే పని సగమైంది. అది ముగియగానే చివరి వెర్షన్ విడుదల చేసి, “పూర్తయింది, ఇక మార్పులుండవు” అని రాసి ఆర్కైవ్ చేస్తాను.

విడదీస్తుంటే ఒక సంగతి బయటపడింది. పట్టికలో 14 సంకేతాలు అప్పట్లో నేను ఊహించి పెట్టినవే, వాటి పక్కన ప్రశ్నార్థకాలు ఇంకా అలాగే ఉన్నాయి. ఒకే పుట అచ్చు ప్రతీ, దాని డీటీపీ ఫైలూ రెండూ దాచుకున్నవారు ఎవరైనా ఉంటే దయచేసి పోల్చి చూడండి. జాబితా రిపోజిటరీలో పెట్టాను. అందుకోసం చివరి వెర్షన్‌ను నెల రోజులు ఆపుతాను.